అదే టర్ఫ్ మీద పాకిస్తాన్ గెలిచింది

మా నాన్న పోయేదాకా ఒకే మాట మీద ఉన్నాడు. మన హాకీని చంపింది ఆస్ట్రోటర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి అని. ఆయన బెజవాడ రైల్వేలో లోకో షెడ్డు ఫిట్టరు. కుర్రతనంలో షెడ్డు జట్టుకి ఫార్వర్డ్‌గా ఆడేవాడట. 'ఆడేవాడట' అని ఎందుకంటున్నానంటే, నాకు ఊహ తెలిసేసరికే ఆయన మోకాలు పోయింది, స్టిక్ మాత్రం మిగిలింది. మల్బరీ కర్ర, పట్టుకునే చోట సైకిల్ ట్యూబు చుట్టి ఉండేది. క్వార్టర్స్‌లో మా అమ్మ దాన్ని దోమతెర కట్టడానికి వాడేది.

1980 జులైలో మాస్కో ఒలింపిక్స్ హాకీ ఫైనల్ జరిగినప్పుడు నాకు ఏడేళ్లు. రేడియో ముందు నాన్న, ఆయనతో పనిచేసే మరో నలుగురు, వాకిట్లో ఇంకొంతమంది. మనవాళ్లు 3-0తో ముందున్నారు, తర్వాత స్పెయిన్ వాళ్లు వరసగా గోల్స్ కొడుతూ మీదికి వచ్చేశారు. ఆఖరికి 4-3. నాకు ఆట గుర్తులేదు, ఆ వ్యాఖ్యానం కూడా గుర్తులేదు. నాన్న లేచి నన్ను ఎత్తుకోబోయి, మోకాలు సహకరించక, మళ్లీ కూర్చుండిపోవడం గుర్తుంది. అది మనకి ఎనిమిదో ఒలింపిక్ బంగారు పతకం. ఆ తర్వాత మళ్లీ ఏ పతకమైనా రావడానికి 41 ఏళ్లు పట్టింది. టోక్యోలో కాంస్యం వచ్చినప్పుడు నాన్న లేడు. ఆయన చూసిన ఆఖరి ఒలింపిక్స్ 2012 లండన్. ఆడిన ప్రతి మ్యాచ్ ఓడి, పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. ఆ ఏడాది టర్ఫ్ నీలం రంగులో వేశారు. "ఇప్పుడు సిరా కూడా పోశారు, ఇంకేం మిగిలింది" అన్నాడు.

నాన్న వాదనలో పస లేకపోలేదు. 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ని 2-1తో ఓడించి ప్రపంచకప్ తెచ్చాం. మర్నాటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ గడ్డి పరిచారు. మనం ఏడో స్థానంలో తేలాం. పచ్చిక మీద, మట్టి మీద బంతి ఎగుడుదిగుడుగా వస్తుంది. దాన్ని ఆపడమే ఒక విద్య, ఆపినదాన్ని స్టిక్‌కి అంటించుకుని ఇద్దరు ముగ్గురిని దాటించడం ఇంకో విద్య. ఆ రెండూ మనవాళ్ల దగ్గర ఉండేవి. టర్ఫ్ మీద నీళ్లు చల్లాక బంతి గాజుపలక మీద పోయినట్టు తిన్నగా పోతుంది. అక్కడ ఆపడం ఎవడికైనా వస్తుంది. కావలసింది పరుగు, దమ్ము, వేగంగా పాస్ ఇవ్వడం. మన చేతిలో ఉన్న సరుకు ఒక్క రాత్రిలో చెల్లని నోటైపోయింది. ఇదీ నాన్న వాదన. నేనూ ముప్ఫై ఏళ్లు దీన్నే అందరికీ అప్పజెప్పాను.

దీనికి ఒక అడ్డంకి ఉంది. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచింది పాకిస్తాన్. 1994లో సిడ్నీలో ప్రపంచకప్ గెలిచింది కూడా పాకిస్తానే. రెండూ టర్ఫ్ మీదే. వాళ్లదీ మనలాంటి ఆటే, మనలాంటి మట్టే, మనకన్నా పెద్దగా డబ్బున్న దేశమేం కాదు. ఆ మాటకొస్తే మాస్కోలో మనం గెలిచిందీ కృత్రిమ గడ్డి మీదే, కాకపోతే పశ్చిమ జర్మనీ, ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్, పాకిస్తాన్ లాంటి గట్టి జట్లు ఆ ఒలింపిక్స్‌కి రాలేదు. ఇవేవీ నాకు తెలియని సంగతులు కావు. విడివిడిగా అన్నీ తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోలేదు, అంతే. ఒకసారి ఈ ముక్క నాన్నతో అన్నాను. "వాళ్లు వేరురా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎలా వేరో చెప్పలేదు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. మద్దెల నిజంగానే ఓటిది కావచ్చు, అది వేరే సంగతి.

ఈ మాట నాకు హాకీ దగ్గర కాదు, షాపులో కూర్చున్నప్పుడు తగిలింది. నాది ఆటోనగర్‌లో డీజిల్ పంపుల విడిభాగాల షాపు. ప్లంజర్లు, నాజిళ్లు, డెలివరీ వాల్వులు. పాత లారీ పంపు విప్పితే ఏ ముక్క అరిగిందో చేత్తో తడిమి చెప్పగలను. 2017లో దేశమంతా బీఎస్-4 అని బళ్ల పొగ మీద కొత్త నిబంధన వచ్చింది, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. కొత్త లారీల్లో ఆ పంపు లేదు. కామన్ రెయిల్ వచ్చింది, సెన్సార్లు వచ్చాయి, యాడ్‌బ్లూ ట్యాంకు వచ్చింది. బండి ఆగిపోతే మెకానిక్ ముందు స్పానర్ తియ్యడు, లాప్‌టాప్ తీస్తాడు. నా అల్మరాల్లో సరుకు అలాగే ఉంది, అడిగేవాళ్లే తగ్గిపోయారు. సాయంత్రం టీ దగ్గర నేను ఎత్తుకునే పాట ఒక్కటే: కాలం మారిపోయిందండీ, చేతి పనికి విలువ లేదండీ.

మా అవతలి వరసలో నాకన్నా ఆరేళ్లు పెద్దాయన ఒకాయన ఉన్నారు. నాకున్న వ్యాపారమే, నాతోపాటే పెట్టారు. 2018లో కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, బండిలో లోపం ఎక్కడుందో చెప్పే స్కానర్ నేర్చుకున్నారు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని ఎర్రర్ కోడ్‌లు డైరీలో రాసుకునేవారు, మేం నవ్వుకునేవాళ్లం. ఇవాళ ఆయన షాపు ముందు బళ్లు వరసలో ఆగుతున్నాయి. ఒకరోజు నా ధోరణిలో నేను కాలాన్ని తిడుతుంటే నా చూపు అటు పడింది. అదే వీధి, అదే బీఎస్-6. అదే టర్ఫ్ మీద పాకిస్తాన్ గెలిచింది. చేతిలో టీ చల్లారిపోయింది.

మా నాన్న సంగతి ఇంకా చిత్రం. ఆయన ఆవిరి ఇంజన్ల మీద పని నేర్చుకున్న మనిషి. మధ్యవయసులో డీజిల్ వచ్చింది. గొణిగాడట గానీ, ట్రైనింగ్‌కి వెళ్లి నేర్చుకుని వచ్చాడు, ఆ జీతంతోనే మమ్మల్ని చదివించాడు. ఇంజన్ మారినప్పుడు మారిన మనిషే, గడ్డి మారినప్పుడు మాత్రం ఒప్పుకోలేదు. పొట్టకూటి దగ్గర ఉండే తెలివి ప్రేమ దగ్గర పనిచెయ్యదేమో.

అయితే ఇక్కడితో తేల్చేసి, తప్పంతా మనదే, కాలంది కాదు అని చేతులు దులుపుకోవడం కూడా నాకు నచ్చదు. ఈమధ్య అదొక ఫ్యాషన్ అయింది. ఏ ఇబ్బంది చెప్పినా "అప్‌డేట్ అవ్వాలండీ" అంటారు. పాకిస్తాన్ మొన్నటి మూడు ఒలింపిక్స్‌కీ, అంటే రియో, టోక్యో, పారిస్‌లకి అర్హతే సంపాదించలేదు. పాత తరం తెచ్చిన ఒడుపుతో టర్ఫ్ మీద కొన్నాళ్లు గెలవచ్చు, పిల్లలు టర్ఫ్ మీద పెరగకపోతే అది ఎంతో కాలం నిలవదన్నమాట. నెదర్లాండ్స్‌లో చిన్న ఊరి క్లబ్బుకి కూడా టర్ఫ్ ఉంటుంది. మన పిల్లవాడు మట్టిలో ఆడి ఆడి, ఏ పద్నాలుగో ఏటో స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటు వస్తే మొదటిసారి దానిమీద కాలు పెడతాడు. అప్పటికి చేతికి అలవాట్లు గట్టిపడిపోతాయి. కాబట్టి నాన్న పూర్తిగా తప్పు కాదు. ఆయన తప్పల్లా 1976 దగ్గర ఆగిపోవడం. ఆ తర్వాత యాభై ఏళ్లలో ఎన్ని ఊళ్లలో టర్ఫ్ వేశారన్న ప్రశ్న ఎవరినీ అడగకపోవడం. టర్ఫ్‌ని తిట్టడం సులువు, అది తిరిగి మాట్లాడదు.

ఇక ఇప్పటి జట్టు సంగతి. 2025 జూన్‌లో ప్రో లీగ్ కోసం, అంటే పెద్ద జట్లన్నీ ఆడే అంతర్జాతీయ పోటీ కోసం, మనవాళ్లు యూరప్ వెళ్లారు. నెదర్లాండ్స్ చేతిలో 1-2, 2-3. అర్జెంటీనా చేతిలో 3-4, 1-2. ఆస్ట్రేలియా చేతిలో 2-3, మర్నాడు మళ్లీ 2-3. బెల్జియం చేతిలో 3-6. వరసగా ఏడు. ఆఖరిది తప్ప మిగతా ఆరూ ఒక్క గోల్ తేడా. ఒకటి రెండుసార్లయితే అదృష్టం బాగోలేదనుకోవచ్చు. ఆరుసార్లు ఒక్క గోలే తక్కువైందంటే అది అలవాటు. నా షాపులో నెలనెలా రెండు వేలు తక్కువ పడితే అదృష్టాన్ని తిట్టను, ఎక్కడ కారుతోందో వెతుకుతాను.

ఎక్కడ కారుతోందో చూసేవాళ్లందరికీ తెలుసు. పారిస్ ఒలింపిక్స్‌లో మనం ఎనిమిది మ్యాచ్‌లలో 15 గోల్స్ కొడితే అందులో 10 హర్మన్‌ప్రీత్ సింగ్ ఒక్కడివే. అన్నీ అవతలివాళ్ల తప్పుకి దొరికే పెనాల్టీ కార్నర్, లేకపోతే పెనాల్టీ స్ట్రోక్. పదిమంది తినే ఇంట్లో ఒక్కడే సంపాదిస్తుంటే అతనికి జ్వరం వచ్చిన రోజు ఇల్లంతా పస్తు. కోచ్ క్రెయిగ్ ఫుల్టన్ సిద్ధాంతం ముందు గోడ కట్టు, తర్వాత గెలువు అని. పారిస్‌లో అది పనిచేసింది. బ్రిటన్ మీద క్వార్టర్ ఫైనల్‌లో 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డ్ చూపిస్తే మిగతా ఆటంతా పదిమందితో నిలబడి 1-1 చేసి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఆ మ్యాచ్ చూస్తున్నంతసేపూ నేను కుర్చీలో సరిగ్గా కూర్చోలేదు. కానీ ఆ గోడ వెనక గోల్‌కీపర్ శ్రీజేష్ ఉన్నాడు. పారిస్ తర్వాత ఆయన రిటైర్ అయ్యాడు. గోడ అలాగే ఉంది, తలుపుకి గడియ లేదు.

అదే 2025 సెప్టెంబరులో ఇదే జట్టు రాజ్‌గిర్‌లో కొరియాని 4-1తో కొట్టి ఆసియా కప్ గెలిచింది, 2026 ప్రపంచకప్‌కి అర్హత తెచ్చుకుంది. సంతోషమే. కానీ ఆసియాలో పులి, యూరప్‌లో పిల్లి అన్న మాట ఇంకా కొట్టెయ్యలేం. అమ్మాయిల జట్టుదైతే ఇంకా బాధ. టోక్యోలో నాలుగో స్థానం దాకా వెళ్లి మనందరినీ ఏడిపించినవాళ్లు, 2024 జనవరిలో రాంచీలో జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్‌కే వెళ్లలేకపోయారు. 2025లో ప్రో లీగ్‌లో ఆఖరున నిలిచి కింది లీగ్‌కి దిగిపోయారు. ఆ రోజు నా ఫోన్‌లో ఉన్న పదిహేను వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కదాంట్లో కూడా ఈ ముక్క రాలేదు. అదే రోజు ఎవరో మామిడికాయ పచ్చడి బూజు పట్టకుండా చిట్కా పెడితే నలభై మంది చప్పట్లు కొట్టారు.

నా అసలు బాధ ఇక్కడుంది. ఓడిపోవడం కాదు. ఓడిపోయామని తెలిసినవాడు పక్కన ఒక్కడూ లేకపోవడం.

2023 జనవరిలో భువనేశ్వర్ వెళ్లాను, ప్రపంచకప్‌కి. క్వార్టర్ ఫైనల్స్‌కి వెళ్లాలంటే న్యూజిలాండ్‌ని ఓడించాలి. మా ఆవిడ "అంత దూరం వెళ్లి ఓడిపోయేది చూస్తారా" అంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కళింగ స్టేడియం కిటకిటలాడుతోంది. మనవాళ్లు 2-0, తర్వాత 3-1తో ముందున్నారు. నా పక్కన ఒరియా పెద్దాయన ఒకాయన, మనవడితో వచ్చారు. ఆయనకి తెలుగు రాదు, నాకు ఒరియా రాదు. గోల్ పడ్డప్పుడల్లా నా భుజం మీద చరుస్తున్నారు. ఆట అయ్యేసరికి 3-3. షూటౌట్. శ్రీజేష్ ఒకటి ఆపాడు, ఇంకోటి ఆపాడు, ఆపుతూ ఆపుతూ దెబ్బ తగిలి బయటికి నడిచాడు. సడెన్ డెత్ దాకా వెళ్లి 4-5తో ఓడాం. స్టేడియంలో వేలమంది ఉన్నారు, చప్పుడు లేదు. ఆ పెద్దాయన సంచిలోంచి ఒక బత్తాయి తీసి వొలిచి, సగం మనవడికి, సగం నాకు పెట్టారు. ఏమీ మాట్లాడలేదు. అంతకన్నా మంచి ఓదార్పు నాకు ఈ జన్మలో ఎవరూ ఇవ్వలేదు.

తిరుగు రైల్లో ఎదురు బెర్తు కుర్రాడు, విశాఖలో ఎక్కాడు, నా మొహం చూసి ఏమైందండీ అన్నాడు. న్యూజిలాండ్ చేతిలో ఓడిపోయాం బాబూ అన్నాను. అతను ఫోన్ తీసి చూసి, నా మీద జాలిపడి, "లేదంకుల్, మనమే గెలిచాం, 108కే ఆలౌట్ చేశాం" అన్నాడు. నిజమే. మా హాకీ మ్యాచ్‌కి ముందురోజు రాయ్‌పూర్‌లో క్రికెట్ జట్టు న్యూజిలాండ్‌ని 108 పరుగులకి ఆలౌట్ చేసింది. నేను వాదించలేదు. "అవునా, మంచిదే" అన్నాను. రాజమండ్రి దాకా ఆ బౌలింగ్ గురించి చెప్పాడు. మంచి కుర్రాడే, నాకు ఇడ్లీ కూడా కొనిపెట్టాడు.

క్రికెట్ మీద నాకు కోపం లేదు, అదీ చూస్తాను. హాకీ ప్రేమికులు చాలామంది క్రికెట్‌ని ఆస్ట్రోటర్ఫ్‌లాగే వాడుకుంటారు, తమ చేతగానితనానికి తెరలాగా. నాకు మంట పుట్టించేది వేరే. మన దగ్గర పుట్టినవాళ్లని మనం గుర్తుపట్టకపోవడం. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఏతిమరపు రజని 2016 రియో ఒలింపిక్స్‌కి మన అమ్మాయిల జట్టుకి రిజర్వ్ గోల్‌కీపర్. ఈ పేరు బెజవాడ బీసెంట్ రోడ్డులో వందమందిని అడగండి. 2023లో జాతీయ సీనియర్ మహిళల హాకీ పోటీలు మన కాకినాడలోనే జరిగాయి. హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలైనప్పుడు హైదరాబాద్ తూఫాన్స్ అని తెలుగు గడ్డ పేరుతో జట్టొకటి వచ్చింది, మొదటి సీజన్‌లోనే ఫైనల్‌కి వెళ్లి బెంగాల్ జట్టు చేతిలో 3-4తో ఓడింది. కానీ ఆ సీజన్ మ్యాచ్‌లు రూర్కెలాలో, రాంచీలో. పేరు మనది, ఆట వేరే ఊళ్లో. సంబంధం కుదిరింది గానీ పెళ్లికొడుకుని ఎవరూ చూడలేదన్నట్టు.

పోనీ ఇంట్లోనే చూద్దామంటే అదొక యజ్ఞం. ఒకప్పుడు దూరదర్శన్‌లో వచ్చిందే వచ్చేది, రానిది రాదు. ఇప్పుడు అన్నీ వస్తాయి, ఎక్కడ వస్తాయో తెలియదు. ఈ టోర్నీ ఒక యాప్‌లో, ఆ టోర్నీ ఇంకో యాప్‌లో. డబ్బు కట్టాక ఓటీపీ. ఓటీపీ వచ్చేలోపు సమయం అయిపోయిందని ఇంకో ఓటీపీ. లోపలికి వెళ్లేసరికి మొదటి క్వార్టర్ అయిపోతుంది. సహాయం కోసం మెసేజ్ పెడితే ఒక మరమనిషి 'మీ సహనానికి ధన్యవాదాలు' అంటుంది. నా సహనం గురించి దానికి ఎవరు చెప్పారో. పైగా ఫోన్‌లో బొమ్మ అరనిమిషం వెనకబడి ఉంటుంది, కానీ గోల్ పడ్డ కబురు మాత్రం ఫోన్ నెత్తిమీద ముందే వచ్చి కూర్చుంటుంది. అంటే మనవాడు ఇంకా పెనాల్టీ కార్నర్ ఆపడానికి పరిగెడుతూనే ఉంటాడు, ఆపలేడని నాకు ముందే తెలుసు. భవిష్యత్తు తెలిసినవాడి బాధ పురాణాల్లో చదివాను గానీ అది ప్రో లీగ్ రూపంలో వస్తుందనుకోలేదు.

ఇదంతా చెప్పి, ఈ నేరం మొత్తం యాప్‌ల మీద వేసేద్దామంటే మళ్లీ పాకిస్తాన్ గుర్తొస్తుంది. నిజం చెప్పాలంటే నేనే అరవై నిమిషాల ఆట తిన్నగా చూడలేకపోతున్నాను. మధ్యలో ఒకసారి మెసేజ్‌లు, ఒకసారి బంగారం ధర, ఒకసారి ఎవడో వంతెన మీద నుంచి దూకబోయిన వీడియో. ఆట ఒకప్పుడు ముప్ఫై అయిదేసి నిమిషాలు రెండు సగాలు ఉండేది, ఇప్పుడు పదిహేనేసి నిమిషాలు నాలుగు ముక్కలు. అది నాకోసమే చేశారేమో. ఆఖరి అయిదు నిమిషాల్లో మన డిఫెండర్లకి ఏకాగ్రత చెదిరిందని తిడుతుంటాను, నాది ఎనిమిదో నిమిషంలోనే చెదిరింది. వాళ్లు కనీసం పరిగెడుతున్నారు.

ఇంకో నేరం కూడా ఒప్పుకుంటాను. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన ఒక నోటీసు ఉంది. 'సెల్లార్‌లో పిల్లలు బంతి ఆట ఆడరాదు. కార్లకు నష్టం జరిగినచో తల్లిదండ్రులే బాధ్యులు.' కింద ముగ్గురు కమిటీ సభ్యుల సంతకాలు. మూడోది నాది. ఎవరిదో కారు అద్దం పగిలింది, మీటింగ్ పెట్టారు, ఫ్యాన్ కింద కూర్చుని బిస్కెట్లు తిని సంతకం పెట్టాను. ఆ రాత్రే అర్జెంటీనా మ్యాచ్ చూస్తూ, ఈ దేశంలో పిల్లలకి ఆడుకునే చోటు లేదు అని మా ఆవిడతో ఉపన్యాసం ఇచ్చాను.

చోటు లేదన్నది మాత్రం సాకు కాదు. కాలం మారింది అనే గొణుగుడులో నూటికి తొంభై వంతులు నాలాంటివాళ్ల బద్ధకం అని ఒప్పుకుంటాను, మిగతా పదీ ఇది. మా అమ్మాయి చదివే బడి నాలుగంతస్తుల భవనం. ముందు బస్సులు ఆగే చోటు, వెనక జనరేటర్. తొమ్మిదో తరగతికే ఐఐటీ ఫౌండేషన్. టైంటేబుల్‌లో శనివారం గేమ్స్ అని ఒక పీరియడ్ ఉంటుంది, అది లెక్కల సారుకి పుట్టింటి సొత్తు. బెజవాడ, గుంటూరు అంటే రాష్ట్రమంతా పిల్లల్ని తెచ్చి చదువుకి పడేసే ఊళ్లు. లక్షలు కట్టి చేర్పిస్తాం. ఆ లక్షల్లో ఒక్క గోల్ పోస్టు ఉండదు. అడిగితే ఇంటర్ అయ్యాక ఆడుకోవచ్చంటారు. పదిహేడేళ్లు నిండాక హాకీ స్టిక్ పట్టుకోవడమంటే యాభై దాటాక నేను స్కానర్ పట్టుకోవడం లాంటిదే. నేనైతే ఎర్రర్ కోడ్‌లు డైరీలో రాసుకుంటాను. పరుగు ఎక్కడ రాసుకుంటారు?

ఒకసారి పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మాట అడిగాను. ఆవిడెవరో చాలా మర్యాదగా, "సార్, ఇండోర్ చెస్ ఉంది కదండీ" అన్నారు. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు నన్ను చూసిన చూపు, పెళ్లి భోజనంలో ఉప్పు తక్కువైందన్నవాడిని చూసినట్టుంది. వాళ్లలో ఒకాయన బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని "మీరన్నది నిజమేనండీ" అన్నాడు, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని.

2025 జూన్ 21 శనివారం బెల్జియం చేతిలో 3-6తో ఓడాక నేను టాబ్ పక్కన పడేశాను. ఏడు మ్యాచ్‌లూ చూసినవాడిని. చివరిదానికి ఓపిక లేదు. మర్నాడు ఆదివారం గుంటూరులో మా బావమరిది ఇంట్లో భోజనాలు. "ఎలాగూ ఓడే మ్యాచ్‌కి ఇంట్లో కూర్చోవడం ఎందుకు, పదండి" అంది మా ఆవిడ. అమ్మాయి స్లిప్ టెస్ట్ ఉందని రానంది. వాళ్ల నానమ్మకి తోడుగా ఉంటానంది. వెళ్లాం. గోంగూర మాంసం, పెరుగు, ఆవకాయ, మళ్లీ పెరుగు. బ్రాడీపేటలో మధ్యాహ్నపు నిద్ర. సాయంత్రం కాఫీలు అవుతుంటే అమ్మాయి ఫోన్.

"నాన్నా, నీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, చెప్పు."

బడి యాప్‌ది అనుకున్నాను. వాళ్లు హోంవర్క్ దగ్గర్నుంచి అన్నింటికీ ఓటీపీ పంపుతారు. చెప్పేశాను.

వచ్చేటప్పుడు వారధి దగ్గర బళ్లు ఆగిపోయాయి. ఏదో లారీ అడ్డంగా నిలబడిపోయిందట. అలవాటుకొద్దీ దాని ఇంజన్ శబ్దం విందామని కిటికీ దించాను. కింద కృష్ణ, చీకట్లో నీళ్లు కనిపించడం లేదు. ఊరికే ఫోన్ తీస్తే, పైన కబురు కూర్చుని ఉంది. భారత్ 4, బెల్జియం 3. హర్మన్‌ప్రీత్ ఆఖర్లో కొట్టిన గోల్‌తో గెలిచారు. ఏడు ఓటములూ కళ్లప్పగించి చూసి, గెలిచిన ఒక్క మ్యాచ్ టైములో గుంటూరులో కాఫీ తాగుతున్నాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుంటే హారన్ మోగింది, వెనకవాడు తిట్టాడు.

ఇంటికెళ్లేసరికి అమ్మాయి హాల్లో సోఫా మీద టాబ్ పెట్టుకుని ఉంది. పక్కన మా అమ్మ, పప్పుండలు తింటూ. పుస్తకం ఎక్కడా లేదు.

"మ్యాచ్ చూశావా?" అన్నాను.

"ఓటీపీ నువ్వే కదా ఇచ్చావు" అంది. మధ్యలో ఒకసారి అంపైర్ టీవీ వాళ్లని అడిగాడని, చివర్లో మనవాడు కొట్టేటప్పుడు నానమ్మ కళ్లు మూసుకుందని చెప్పింది. మా అమ్మ మొహమాటంగా నవ్వి, నీళ్లు తాగడానికి లేచింది.

అమ్మాయి టాబ్ ఆపి చార్జింగ్ పెడుతూ, నావైపు అనుమానంగా చూసి అంది: "రోజూ ఎందుకు నాన్నా అలా అరుస్తావు? బాగానే ఆడుతున్నారు కదా."